రోటరీ టేబుల్ మీద ఏడు హోల్స్ తప్పు పోకుండా వేయడం ఎలా

ఆరు హోల్స్ అంటే ఎవరైనా వేసేస్తారు. 60 డిగ్రీలు తిప్పు, డ్రిల్ దింపు, మళ్లీ 60 తిప్పు, అంతే. డ్రాయింగ్‌లో ఏడు అని కనబడితే మాత్రం కొత్తగా చేరిన కుర్రాళ్లకు టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే 360ని 7తో భాగిస్తే 51.428571 అంటూ దశాంశాలు ఎంతకీ తెగవు, రోటరీ టేబుల్ (జాబ్‌ని బిగించి కావాల్సిన కోణానికి తిప్పే గుండ్రటి టేబుల్) అంచు మీదేమో డిగ్రీల గీతలే ఉంటాయి. అందుకే ఏడు హోల్స్ జాబే తీసుకున్నాను. ఇది వచ్చిందంటే మిగతావన్నీ వచ్చినట్టే.

మన జాబ్ ఒక ఫ్యాన్ హబ్‌కి వేసే మైల్డ్ స్టీల్ ఫ్లాంజ్ అనుకోండి. బయటి డయా 150 ఎంఎం, మధ్యలో 50 బోర్, 120 పీసీడీ (హోల్స్ సెంటర్లన్నీ పడే వృత్తం డయా) మీద 10 ఎంఎం రీమర్ హోల్స్ (డ్రిల్ చేశాక రీమర్‌తో సరైన సైజుకి తెచ్చేవి) ఏడు. బోర్, బయటి డయా రెండూ లేత్ మీద ఒకే సెట్టింగ్‌లో టర్నింగ్ చేసి ఉండాలి, ఇది మర్చిపోవద్దు, చివర్లో చెక్ చేసేటప్పుడు పనికొస్తుంది. టేబుల్ 8 అంగుళాలది, మెషీన్ బాలానగర్, చర్లపల్లి షాపుల్లో ఏ మూల చూసినా కనబడే టరెట్ మిల్లింగ్.

ముందే ఒక మాట. మీ మెషీన్‌కి డీఆర్ఓ (బెడ్ ఎంత జరిగిందో అంకెల్లో చూపే డిస్‌ప్లే) ఉండి, అందులో పీసీడీ ఫంక్షన్ ఉంటే ఈ జాబ్‌కి రోటరీ టేబుల్ ఎక్కించాల్సిన పనే లేదు. సెంటరు, డయా, హోల్స్ సంఖ్య ఇస్తే ఎక్స్, వై అదే చెబుతుంది, ముప్పై కిలోలు దాటే బరువు మొయ్యడం తప్పుతుంది. ఆర్క్ స్లాట్లు, ముఖాల మధ్య కోణాలు, అంచు మీద గీతలు, రౌండ్ జాబ్ పక్క నుంచి చుట్టూ వేసే హోల్స్, వీటికి టేబుల్ కావాలి. అయినా నేర్చుకోవడానికి మాత్రం హోల్స్ జాబే మంచిది. ఎక్కడ తప్పు చేశారో హోల్సే చెప్పేస్తాయి, ఎలా చెబుతాయో తర్వాత చూద్దాం.

ముందు మీ టేబుల్ రేషియో తెలుసుకోండి

లోపల ఒక వర్మ్ (హ్యాండిల్‌తో తిరిగే స్క్రూ లాంటి గేరు), దానికి పట్టుకుని వర్మ్ వీల్ ఉంటాయి. హ్యాండిల్ ఒక్క చుట్టు తిప్పితే టేబుల్ ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో చూడండి. 4 డిగ్రీలు తిరిగితే రేషియో 90:1, 5 అయితే 72:1, 9 అయితే 40:1, 3 అయితే 120:1. నేమ్ ప్లేట్ ఎప్పుడో ఊడిపోయిన పాత టేబుల్ అయినా ఈ పద్ధతిలో అర నిమిషంలో తేలిపోతుంది. పక్క షాపులో పాఠం చదివి, 40:1 అనుకుని 90:1 టేబుల్ తిప్పినవాళ్లను చూశాను, అందుకే చెబుతున్నాను.

మనది 90:1 అనుకుందాం. టేబుల్ ఒక పూర్తి చుట్టు తిరగాలంటే హ్యాండిల్ 90 చుట్లు తిరగాలి. ఏడు భాగాలు కావాలి కాబట్టి 90ని 7తో భాగించండి, 12 పూర్తి చుట్లు, ఇంకా ఒక చుట్టులో 6/7 వంతు వస్తుంది. ఆ 6/7 కోసమే డివైడింగ్ ప్లేట్, అంటే హ్యాండిల్ వెనక ఉండే, వరసలుగా హోల్స్ ఉన్న ప్లేట్, హ్యాండిల్ పిన్ ఆ హోల్స్‌లో దిగుతుంది. బ్రౌన్ అండ్ షార్ప్ పద్ధతి ప్లేట్లు మూడు ఉంటాయి: మొదటిదాంట్లో 15, 16, 17, 18, 19, 20, రెండోదాంట్లో 21, 23, 27, 29, 31, 33, మూడోదాంట్లో 37, 39, 41, 43, 47, 49 హోల్స్ వరసలు. వీటిలో 7తో భాగమయ్యే వరస వెతకాలి. రెండో ప్లేట్‌లో 21 ఉంది. 21లో 6/7 వంతు 18. అంటే ప్రతి హోల్‌కీ 12 పూర్తి చుట్లు, ఆపైన 21 వరసలో 18 గళ్లు. 49 వరస తీసుకుంటే 42 గళ్లు, అదీ సరిపోతుంది, కానీ తక్కువ గళ్లున్నదే తీసుకోండి, లెక్క తప్పే అవకాశం తగ్గుతుంది. ఇదే లెక్కతో 11 భాగాలకి 8 చుట్లు, 33 వరసలో 6 గళ్లు. 13కి 6 చుట్లు, 39 వరసలో 36 గళ్లు.

గళ్లు అన్నాను, ప్లేట్ హోల్స్ అనలేదు, గమనించారా? నేను మొదటి ఏడాది ముక్క పాడుచేసింది సరిగ్గా ఇక్కడే. పిన్ ఉన్న హోల్‌ని ఒకటి అని మొదలుపెట్టి పద్దెనిమిది లెక్కబెట్టి సెక్టర్ ఆర్మ్ (ఎన్ని గళ్లు తిప్పాలో ప్లేట్ మీద గుర్తు చూపే రెండు చేతులు) బిగించాను. మా ఉస్తాద్ వచ్చి చూసి, "లెక్కయితే పెట్టినవ్, కంచెకి గుంజలు లెక్కబెట్టినవా, గుంజల మధ్య సందులా?" అన్నాడు. పిన్ ఉన్న హోల్ సున్నా. దాని పక్కది ఒకటి. 18 గళ్లు కావాలంటే రెండు ఆర్మ్‌ల మధ్య, మొదటి హోల్‌తో కలిపి, 19 హోల్స్ కనబడాలి. ఒక్క గడి తేడా ఎంతవుతుందంటే, 4 డిగ్రీల్లో 21వ వంతు, అంటే పదకొండున్నర నిమిషాలు. మన పీసీడీ దగ్గర అది 0.2 ఎంఎం. చిన్నదే కదా అనిపిస్తుంది, కానీ ప్రతిసారీ అదే తప్పు పడుతుంది, చివరి గ్యాప్‌కి వచ్చేసరికి మిల్లీమీటరు దాటిపోతుంది.

ప్లేట్ లేకపోతే హ్యాండిల్ మీది స్కేలుతోనే చేయొచ్చు, నిమిషాల గీతలు, వెర్నియర్ ఉంటే. కోణాలు ముందే కాగితం మీద రాసుకోండి: 51 డిగ్రీల 25 నిమిషాల 43 సెకన్లు, తర్వాత 102-51-26, 154-17-09, 205-42-51, 257-08-34, 308-34-17. ప్రతి కోణమూ సున్నా నుంచి లెక్కగట్టిందే వాడాలి. "51 డిగ్రీల 26 నిమిషాలు అనుకుందాంలే" అని రౌండ్ చేసి ఆరుసార్లు కలుపుకుంటూ పోతే ఏడో హోల్ దగ్గరికి 0.03 ఎంఎం పక్కకి పోతారు. ప్లేట్ ఉన్నవాళ్లు కూడా ఈ కాగితం మెషీన్‌కి అతికించుకోండి. పన్నెండు చుట్లు తిప్పుతుంటే మధ్యలో ఫోన్ మోగుతుంది, పదకొండా పన్నెండా అని అనుమానం వస్తుంది, అప్పుడు టేబుల్ అంచు మీద 51, 102, 154 దగ్గర ఉన్నామా లేదా అని చూస్తే చాలు. ఒక చుట్టు తప్పితే 4 డిగ్రీలు తేడా, కంటికే కనబడుతుంది.

ఎక్కించడం

ఇద్దరు పట్టుకోండి. నడుము పోతే ఏ రీమరూ బాగుచెయ్యదు. మెషీన్ బెడ్ మీద, రోటరీ టేబుల్ అడుగున చేత్తో తడిమి చూడండి, గుడ్డతో కాదు, అరచేత్తో. చిన్న చిప్ ఒక్కటి అడుగున ఇరుక్కుంటే టేబుల్ మొత్తం వాలుతుంది. బర్ ఉంటే ఆయిల్ స్టోన్‌తో మెల్లగా రుద్దేయండి. టీ-బోల్టులు ఒకేసారి బిగించెయ్యొద్దు, కొంచెం ఇటు కొంచెం అటు.

దీనికి ముందే మెషీన్ హెడ్ నిటారుగా ఉందో లేదో బెడ్ మీద డయల్ (చిన్న చిన్న తేడాల్ని ముల్లుతో చూపే గేజ్) తిప్పి చూసుకోవాలి. టరెట్ మెషీన్లలో హెడ్ ఏ చిన్న దెబ్బకైనా కదులుతుంది. హెడ్ వాలి ఉంటే పైన కొలెట్ దగ్గర కుదిరిన సెంటరు, క్విల్ (స్పిండిల్‌తో పాటు కిందికి దిగే భాగం) కిందికి దింపేసరికి పక్కకి జరుగుతుంది, మీరు రోజంతా టేబుల్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

రెండు సెంటర్లు, రెండు వేరువేరు పనులు

అందరూ గజిబిజి పడేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. స్పిండిల్ సెంటరుని టేబుల్ సెంటరు మీదికి తేవడం ఒక పని. జాబ్ సెంటరుని టేబుల్ సెంటరు మీదికి తేవడం ఇంకో పని. ఈ వరసలోనే చెయ్యాలి. కొందరు జాబ్ బిగించేసి, స్పిండిల్‌ని నేరుగా జాబ్ బోర్‌కి సెంటర్ చేసి, "అయిపోయింది" అనుకుంటారు. టేబుల్ తిరిగేది జాబ్ సెంటరు చుట్టూ కాదు, తన సెంటరు చుట్టూ. ఆ రెండిటికీ తేడా ఉంటే, హోల్స్ అన్నీ సమాన దూరంలో పడతాయి, కానీ బోర్‌కి ఒక పక్కకి జరిగి పడతాయి.

మొదటి పని: పుప్పీ డయల్‌ని (ముల్లు లివర్‌లా పక్కకి కదిలే చిన్న డయల్) స్పిండిల్‌లో పట్టించి, రోటరీ టేబుల్ మధ్యలో ఉండే బోర్ లోపలి గోడకి ముల్లు తాకించి, స్పిండిల్‌ని గేర్ న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తిప్పండి. ఎక్స్ దిశలో రెండు వైపులా రీడింగ్ చూడండి. ఒక వైపు సున్నా, ఇంకో వైపు 8 డివిజన్లు వచ్చిందనుకోండి, బెడ్‌ని 4 డివిజన్లే జరపాలి, 8 కాదు. డయల్ ఎప్పుడూ తేడాని రెట్టింపు చేసి చూపిస్తుంది. తర్వాత వై. మళ్లీ ఎక్స్, మళ్లీ వై, రెండు మూడు విడతల్లో చుట్టంతా ఒక డివిజన్ (0.01 ఎంఎం) లోపలికి వస్తుంది. అంటే అసలు తేడా 5 మైక్రాన్లన్నమాట. ఈ జాబ్‌కి చాలు. వై లాక్ చేసి, లాక్ బిగించాక ఇంకొకసారి డయల్ తిప్పి చూడండి (లాక్ బిగిస్తే బెడ్ కొంచెం జరగడం పాత మెషీన్లకి అలవాటు), అప్పుడు డీఆర్ఓ సున్నా చెయ్యండి.

రెండో పని: జాబ్‌ని టేబుల్ మీద పెట్టండి, కింద నాలుగు ఒకే మందం ప్యారలల్స్ (సమానంగా గ్రైండ్ చేసిన స్టీల్ పట్టీలు) వేసి, హోల్స్ పడే చోటికి అవి రాకుండా చూసుకుని. ప్యారలల్స్ లేకుండా నేరుగా పెట్టి డ్రిల్ చేస్తే టేబుల్ ముఖం మీద ఏడు చుక్కలు మిగులుతాయి, సెకండ్ హ్యాండ్‌లో కొన్న టేబుళ్ల మీద వలయాలు వలయాలుగా కనబడే చుక్కలు ఇలాంటివే. క్లాంపులు చేత్తో బిగించినంతే బిగించండి. ఇప్పుడు డయల్ ముల్లుని జాబ్ బోర్‌కి తాకించి, డయల్ కదలకుండా ఉంచి, టేబుల్‌ని తిప్పండి. మీ టేబుల్‌లో వర్మ్‌ని విడదీసే లివర్ ఉంటే విడదీసి చేత్తో గిర్రున తిప్పొచ్చు, పని త్వరగా అవుతుంది. ఎక్కువ రీడింగ్, తక్కువ రీడింగ్ ఎక్కడ వచ్చాయో చూసుకుని, తేడాలో సగం జరిగేలా నైలాన్ సుత్తితో మెల్లగా తట్టండి. ఈ తట్టడం చేతికి అలవాటవ్వాలి, పుస్తకంలో రాదు. సుత్తి దెబ్బ ఎంత అంటే, పక్కనున్నవాడికి వినబడీ వినబడనట్టు. కుదిరాక క్లాంపులు గట్టిగా బిగించి, ఇంకో చుట్టు తిప్పి చూడండి. ఎక్స్, వై మాత్రం ముట్టుకోవద్దు.

ఇదే ఫ్లాంజ్ యాభై ముక్కలు చెయ్యాలంటే ప్రతిదానికీ సుత్తి పట్టుకోవడం దండగ. లేత్ మీద ఒక ప్లగ్ టర్నింగ్ చెయ్యండి, కింది భాగం టేబుల్ బోర్‌లో బిగువుగా కూర్చునేలా, పై భాగం జాబ్ 50 బోర్‌కి సరిపోయేలా. ఒక పూట పోతుంది, ఆ యాభై ముక్కలకీ సెంటరింగ్ పని ఉండదు.

బ్యాక్‌లాష్

వర్మ్ పళ్లకీ వీల్ పళ్లకీ మధ్య కొంచెం సందు ఉంటుంది, హ్యాండిల్ దిశ మార్చగానే అది ఖాళీగా తిరుగుతుంది, టేబుల్ కదలదు. ఎంత ఉందో చూడాలంటే ఒక డయల్‌ని టేబుల్ మీద క్లాంప్‌కో, జాబ్ పక్కకో ఆనించి, హ్యాండిల్ ముందుకు కొంచెం తిప్పి ఆపి స్కేలు చూసి, వెనక్కి తిప్పుతూ డయల్ ముల్లు ఎక్కడ కదలడం మొదలుపెట్టిందో చూడండి. 4 నిమిషాల సందు ఉంటే మన పీసీడీ దగ్గర 0.07 ఎంఎం. రీమర్ హోల్స్‌కి అది ఎక్కువే.

తగ్గించాలంటే వర్మ్ ఉన్న ఎక్సెంట్రిక్ బుష్‌ని కొంచెం తిప్పి వర్మ్‌ని వీల్ వైపు దగ్గరికి జరపాలి. ఇక్కడ అత్యాశ వద్దు. పూర్తిగా సున్నా చేద్దామని బిగిస్తే ఒక చోట తేలిగ్గా తిరుగుతుంది, ఇంకో చోట హ్యాండిల్ మొండికేస్తుంది, ఎందుకంటే వాడి వాడి అరిగిన వీల్ అంతటా ఒకేలా ఉండదు. చుట్టంతా తిప్పి ఎక్కడ బిగువుగా ఉందో కనుక్కుని, అక్కడ హ్యాండిల్ సాఫీగా తిరిగేలా సెట్ చెయ్యండి. మిగతా చోట్ల ఒకటి రెండు నిమిషాల సందు మిగులుతుంది, మిగలనివ్వండి.

ఆ మిగిలినదానికి మందు ఒకటే: ఎప్పుడూ ఒకే దిశలో వచ్చి ఆగడం. సవ్య దిశలో (గడియారం ముల్లు తిరిగే వైపు) తిప్పడం మొదలుపెడితే ఏడు హోల్స్ అయ్యేదాకా అదే దిశ. హోల్ దాటిపోయారా, ఆ కాస్త వెనక్కి లాగి పిన్ దింపెయ్యొద్దు. అర చుట్టు వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వచ్చి దింపండి. మొదటి హోల్ కూడా ఇలాగే, అంటే సున్నా పెట్టేముందే రెండు చుట్లు ముందుకు తిప్పి ఆ సందు తీసేసి అప్పుడు సున్నా పెట్టాలి. చాలామంది మిగతా ఆరిటికీ జాగ్రత్త పడతారు, మొదటిదాన్ని మర్చిపోతారు. అప్పుడు ఒకటి-రెండు మధ్య గ్యాప్ ఒక రకంగా, ఏడు-ఒకటి మధ్య ఇంకో రకంగా వస్తుంది.

ఇక హోల్స్

డీఆర్ఓలో ఎక్స్ 60.00కి జరిపి లాక్ చెయ్యండి. డీఆర్ఓ లేకపోతే బెడ్ స్క్రూకీ బ్యాక్‌లాష్ ఉంటుంది కాబట్టి అక్కడా ఒకే దిశ నుంచి రావాలి. టేబుల్ లాక్ బిగించండి, లాక్‌లు రెండుంటే ఒకటి కొంచెం, ఇంకోటి కొంచెం. సెంటర్ డ్రిల్ దింపండి. లాక్ తియ్యండి. పిన్ లాగి, 12 చుట్లు తిప్పి, ఇంకా ముందుకెళ్లి ముందున్న సెక్టర్ ఆర్మ్‌కి ఆనుకుని ఉన్న హోల్‌లో పిన్ దింపండి. వెంటనే ఆర్మ్‌లు రెండూ కలిపి తిప్పి, వెనక ఆర్మ్‌ని పిన్‌కి ఆనించండి, ఇది ఇప్పుడే చెయ్యాలి, తర్వాత చేద్దాం అనుకుంటే పని ఖతం. లాక్ బిగించండి. సెంటర్ డ్రిల్.

లాక్ తియ్యకుండా హ్యాండిల్ తిప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, వర్మ్ పళ్లు ఊరికే అరుగుతాయి. లాక్ బిగించకుండా డ్రిల్ చేస్తే ఆ సందులో టేబుల్ ఊగుతుంది, హోల్ కోలగా వస్తుంది. స్లాట్ మిల్లింగ్ అయితే ఇంకా ప్రమాదం, కట్టర్ టేబుల్‌ని తనవైపు లాక్కుంటుంది.

మొదటి ముక్క మీద మాత్రం ఏడు చోట్లా సెంటర్ డ్రిల్‌తో చిన్న చుక్కలే పెట్టి, చుట్టు పూర్తి చెయ్యండి. ఏడో ఇండెక్స్ తర్వాత హ్యాండిల్ మొత్తం 90 చుట్లు తిరిగి ఉంటుంది, పిన్ బయల్దేరిన హోల్‌లోకే రావాలి, టేబుల్ అంచు సున్నా మీదికే రావాలి, సెంటర్ డ్రిల్ మొదటి చుక్కలోకే దిగాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ఎక్కడో తప్పు జరిగితే ఇక్కడే బయటపడుతుంది, ముక్క ఇంకా బతికే ఉంటుంది. అన్నీ కుదిరాక రెండో చుట్టులో 9.8 డ్రిల్, తర్వాత రీమర్. రెండో ముక్క నుంచి ఒక్కో స్టేషన్‌లోనే మూడు టూల్సూ మార్చి హోల్ పూర్తి చేసుకుంటూ పోవచ్చు, మీ ఓపికని బట్టి.

తప్పు ఎక్కడుందో హోల్సే చెబుతాయి

ఏడు హోల్స్ కాబట్టి ఎదురెదురు హోల్స్ ఉండవు, పీసీడీ నేరుగా కొలవలేం. పక్కపక్క హోల్స్ మధ్య దూరం కొలవాలి. 120ని 180/7 డిగ్రీల సైన్‌తో హెచ్చవేస్తే 52.07 ఎంఎం. రెండు హోల్స్‌లో 10 ఎంఎం డోవెల్ పిన్నులు పెట్టి బయట నుంచి బయటకి కొలిస్తే 62.07 రావాలి. ఇంకో కొలత: పిన్నుకీ బయటి డయాకీ మధ్య మైక్రోమీటర్ పెట్టండి, ఫ్లాంజ్ అంచు నుంచి పిన్ లోపలి వైపు వరకు. 75లోంచి 60 తీసేసి 5 కలిపితే 20.00 రావాలి. బోర్, బయటి డయా ఒకే సెట్టింగ్‌లో చెయ్యమన్నది ఇందుకే. ఏడు గ్యాపులు, ఏడు అంచు కొలతలు, మొత్తం పద్నాలుగు అంకెలు కాగితం మీద వరసగా రాయండి.

ఇప్పుడు ఆ అంకెల్ని చదవండి. గ్యాపులన్నీ సమానమే, కానీ అన్నీ 52.07 కన్నా కొంచెం ఎక్కువ, అంచు కొలతలన్నీ 19.95 అలా వచ్చాయంటే స్పిండిల్-టేబుల్ సెంటరు ఎక్స్‌లో తప్పింది, 0.05 తప్పితే పీసీడీ 0.10 పెరుగుతుంది. గ్యాపులన్నీ చక్కగా ఉన్నాయి, అంచు కొలతలు మాత్రం ఒక వైపు 20.03, మెల్లగా తగ్గుతూ ఎదురు వైపుకి 19.97 అయ్యాయంటే, జాబ్ టేబుల్ మధ్యలో లేదు, లేదా డ్రిల్ చేసేటప్పుడు క్లాంప్ జారింది. అంచు కొలతలన్నీ 20.00, గ్యాపులు మాత్రం ఒకటి పెద్దది దాని పక్కది చిన్నది అంటే ఎక్కడో దిశ మార్చారు, బ్యాక్‌లాష్, లేకపోతే లాక్ సరిగ్గా బిగించలేదు. ఆరు గ్యాపులు సమానంగా ఉండి ఏడోది ఒక్కటే బాగా తేడాగా ఉందంటే, గుంజలు లెక్కబెట్టారు, సందులు కాదు. ఒక గ్యాప్ 3.8 ఎంఎం తగ్గి, ఏడు-ఒకటి గ్యాప్ దాదాపు అంతే పెరిగిందంటే, ఫోన్ మాట్లాడుతూ ఒక చుట్టు మింగేశారు.

నా మటుకు నాకు ఈ కాగితం ముక్క ఇన్‌స్పెక్షన్ రిపోర్టు కన్నా ఎక్కువ పనికొచ్చింది. "రిజెక్ట్" అని రాసిన రిపోర్టు ఏం చెయ్యాలో చెప్పదు.

టేబుల్ ఎంత ఖచ్చితమైనది కావాలి

కేటలాగ్‌లో "ఇండెక్సింగ్ అక్యురసీ ఇన్ని సెకన్లు" అని రాస్తారు. సెకన్లని మైక్రాన్లలోకి మార్చడానికి ఒకే ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి, 206. సెంటరు నుంచి 206 ఎంఎం దూరంలో ఒక సెకను అంటే ఒక మైక్రాన్. 60 ఎంఎం దూరంలో అయితే సుమారు 0.3 మైక్రాన్. అంటే 30 సెకన్ల టేబుల్ మన ఫ్లాంజ్ దగ్గర 9 మైక్రాన్లు తప్పుతుంది, అదే టేబుల్ మీద 400 ఎంఎం వెడల్పు జాబ్ అంచున సుమారు 29 మైక్రాన్లు. కాబట్టి "మంచి టేబులేనా" అని అడగడం కాదు, మీ జాబ్ ఎంత పెద్దదో చెప్పి అడగాలి.

వేల ముక్కలు చెయ్యాల్సిన చోట హ్యాండిల్ తిప్పే టేబుల్ కాదు, ఇండెక్సర్ కావాలి. కావాల్సిన కోణాలు ఎప్పుడూ మారకపోతే హర్త్ కప్లింగ్ ఉన్నది బాగుంటుంది. పళ్లున్న రెండు చక్రాలు ముఖాముఖి కూర్చుంటాయి, టేబుల్ కొంచెం పైకి లేచి తిరిగి మళ్లీ పళ్లలో కూర్చుంటుంది. అన్ని పళ్లూ ఒకేసారి పట్టుకుంటాయి కాబట్టి ఒక్కో పంటిలో ఉన్న తప్పు మిగతావాటితో సర్దుకుపోతుంది. 72 పళ్లుంటే 5 డిగ్రీల చొప్పునే తిరుగుతుంది, మన ఏడు హోల్స్‌కి అది పనికిరాదు, అదీ దాని ఇబ్బంది.

కేవలం ఆగి కదిలే పని అయితే జెనీవా మెకానిజం, అంటే తిరిగే చక్రం మీది పిన్ గాట్లున్న ఇంకో చక్రాన్ని విడతలుగా కదిపేది. పాత సినిమా హాళ్ల ప్రొజెక్టర్లలో రీలుని సెకనుకి 24 సార్లు లాగి ఆపింది ఇదే. నాలుగు గాట్ల జెనీవాలో తోలే చక్రం ఒక చుట్టులో 90 డిగ్రీలు మాత్రమే కదిలిస్తుంది, మిగతా 270 డిగ్రీలు బొమ్మ కదలకుండా తెర మీద నిలబడుతుంది. చవక, గట్టిది, కానీ కదిలేటప్పుడు కుదుపు ఉంటుంది, బరువైన టేబుల్‌కి వాడితే గాట్లు తొందరగా పాడవుతాయి. బరువు ఎక్కువైతే క్యామ్ ఇండెక్సర్‌కి వెళ్లండి.

వీఎంసీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మిల్లింగ్ మెషీన్) మీద నాలుగో యాక్సిస్ (ప్రోగ్రామ్‌తోనే తిరిగే రోటరీ టేబుల్) పెట్టుకున్నవాళ్లకి బ్యాక్‌లాష్ తలనొప్పి కొంత తగ్గుతుంది, ఫానక్ కంట్రోల్‌లో జీ60 ఇస్తే ఎప్పుడూ ఒకే దిశ నుంచి వచ్చి ఆగుతుంది. క్లాంప్, అన్‌క్లాంప్ ఎం-కోడ్‌లు మెషీన్‌ని బట్టి మారతాయి, మాన్యువల్ చూడకుండా పక్క షాపు ప్రోగ్రామ్ ఎక్కించొద్దు. సెంటరింగ్ మాత్రం తప్పదు, కాకపోతే పద్ధతి వేరు: యాక్సిస్‌ని సున్నా దగ్గర పెట్టి జాబ్ ఒక పక్క ముఖాన్ని డయల్‌తోనో ప్రోబ్‌తోనో తాకి రీడింగ్ రాసుకోండి, 180 తిప్పి అదే ముఖాన్ని ఎదురు వైపు నుంచి తాకండి, రెండు రీడింగుల సరిగ్గా మధ్యలో తిరిగే సెంటరు ఉంటుంది. వర్క్ ఆఫ్‌సెట్ అక్కడ పెట్టండి, జాబ్ మధ్యలో కాదు.

పని అయ్యాక లాక్ వదిలేసి పెట్టండి, బిగించి నెలల తరబడి మూల పడేస్తే తర్వాత వచ్చినవాడు తెలియక హ్యాండిల్ బలంగా తిప్పుతాడు. టీ-స్లాట్లలో చిప్స్ బ్రష్‌తో తియ్యండి, ఎయిర్ గన్‌తో కొట్టొద్దు, గాలి ఆ పొడిని నేరుగా టేబుల్ అంచు సందులోంచి లోపలికి పంపిస్తుంది. ఆయిల్ గ్లాస్‌లో లెవెల్ చూసి, 68 గ్రేడ్ ఆయిల్ పోసి, హ్యాండిల్ ఒక పది చుట్లు తిప్పి, ముఖం మీద ఆయిల్ పూసి, పాత గోనె పట్టా కాకుండా ప్లైవుడ్ చెక్క కప్పండి. గోనె చెమ్మ పీల్చుకుంటుంది, వానాకాలం పోయేసరికి టేబుల్ మీద గోనె అల్లిక తుప్పుతో అచ్చు పడి ఉంటుంది.